వీధి వెంట వరుస ఇళ్ళు: పద్దెనిమిదో శతాబ్దపు ఆంగ్ల కవిత్వంలో తరలించిన పల్లె

వ్యాససంగ్రహం

ఇంగ్లండ్ పల్లెవీధుల్లో బారులు తీరిన పాత కాటేజీలను అనాదిగా వస్తున్న గ్రామజీవనానికి గుర్తులుగా భావించడం పరిపాటి. వాటిలో పేరుపడిన కొన్ని వరుసలు భూస్వాములు పాత ఊళ్ళను తొలగించి కొత్తచోట కట్టించినవి. అటువంటి న్యూనమ్ కోర్ట్‌నీ, మిల్టన్ ఆబస్ గ్రామాలను ఆధారంగా చేసుకొని ఆలివర్ గోల్డ్‌స్మిత్, విలియమ్ వైట్‌హెడ్, జార్జ్ క్రాబ్ కవితలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ముగ్గురు కవులూ పల్లెను ఎక్కడ నిలబడి చూశారు, ఆ చూపులో పల్లెవాసి మాటకు ఎంత చోటు దక్కింది అన్నవి ఇందులోని ప్రధాన ప్రశ్నలు.

కీలకపదాలు: కాటేజీ, తరలింపు, గ్రామవర్ణన, గోల్డ్‌స్మిత్, వైట్‌హెడ్, క్రాబ్, రాజశేఖర చరిత్రము.

1. ప్రవేశిక

ఆక్స్‌ఫర్డ్ నగరానికి దక్షిణంగా పోయే రహదారి మీద న్యూనమ్ కోర్ట్‌నీ అనే చిన్న ఊరుంది. దారికి ఇరువైపులా ఇటుక ఇళ్ళు జంటలు జంటలుగా కనిపిస్తాయి. జంటకూ జంటకూ మధ్య ఎడం ఒక్కటే. వాలుకప్పుల్లోంచి చిన్న కిటికీలు తొంగిచూస్తుంటాయి. బాటసారికి ఇది తరతరాలుగా కుదురుకున్న పల్లె అనిపిస్తుంది. కానీ ఆ సమదూరమే ఇది తనంత తాను పెరిగిన ఊరు కాదని చెబుతుంది. తనంత తాను పెరిగిన ఊళ్ళో ఇల్లు నీటి వసతిని, పొలం గట్టును, అన్నదమ్ముల వాటాలను అనుసరించి లేస్తుంది. అక్కడ రెండిళ్ళ మధ్య దూరాన్ని ఎవరూ కొలతపెట్టి నిర్ణయించరు.

ఇక్కడ మాత్రం కొలతపెట్టినవాడు ఉన్నాడు. మొదటి ఎర్ల్ హార్కోర్ట్ అయిన సైమన్ హార్కోర్ట్ 1750ల్లో థేమ్స్ నదికి ఎగువన మిట్టమీద కొత్త భవనం కట్టించాడు. భవనం నుంచి చూస్తే పాత ఊరు కంటికి అడ్డుగా ఉంది. 1760 ప్రాంతంలో ఆ ఊరిని తీసివేయించి, నివాసులను రహదారి పక్కన కట్టించిన కొత్త ఇళ్ళలోకి మార్చాడు. ఖాళీ అయిన నేల ఉద్యానవనంలో కలిసింది. ఈ రోజు చారిత్రక కట్టడాలుగా చట్టరక్షణ పొందుతున్న ఇళ్ళకు పుట్టుక అది.

ఈ ఘటనను సాహిత్యచరిత్ర పట్టించుకోవడానికి కారణం 1770లో వెలువడిన గోల్డ్‌స్మిత్ కావ్యం ‘ది డిజర్టెడ్ విలేజ్’. అందులోని ఆబర్న్ గ్రామానికి న్యూనమ్ ఒక మూలం కావచ్చునని చరిత్రకారిణి మేవిస్ బేటీ 1968లో ప్రతిపాదించింది. ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుందన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది. ఒకే రకపు తరలింపును కవిత్వం ఎన్ని విధాలుగా చూసింది, ఆ చూపుల్లో ఏది ఎంత దాచింది అన్న ప్రశ్న అంతకంటె లోతైనది.

2. ‘కాటేజీ’: మాట వెనుక హక్కు

ముందుగా పదాన్ని పరిశీలించాలి. తెలుగులో ‘కాటేజీ’ అంటే నేడు తిరుమలలోనో మరో యాత్రాస్థలంలోనో దొరికే బస గుర్తుకు వస్తుంది. ‘కుటీరం’ అని అనువదిస్తే ముని ఆశ్రమం కళ్ళముందు నిలుస్తుంది. ‘గుడిసె’ అంటే కేవల దారిద్ర్యం. కప్పును బట్టి చూస్తే ‘పూరిల్లు’ కొంత దగ్గరగా వస్తుంది కానీ, న్యూనమ్ ఇటుక ఇళ్ళకు అది నప్పదు. ఈ తెలుగు మాటలేవీ ఆంగ్లపదంలోని ఒక ముఖ్యాంశాన్ని అందించలేవు. అది నేలతో ఉన్న సంబంధం.

ఆంగ్ల గ్రామీణ వ్యవస్థలో కాటేజర్ అంటే ఇల్లు ఉండి సొంత పొలం బహుకొద్దిగా ఉన్నవాడు, లేదా అసలే లేనివాడు. అతని బతుకు కూలిమీదనే కాక ఊరుమ్మడి బీళ్ళమీద కూడా ఆధారపడింది. అక్కడ ఆవును మేపుకోవడం, వంటచెరకు ఏరుకోవడం ఆచారం వల్ల సంక్రమించిన హక్కులు. 1589 నాటి ఒక చట్టం కొత్తగా కట్టే ప్రతి కాటేజీకీ నాలుగు ఎకరాల భూమి జతచేయాలని విధించింది. అది తరచు అమలుకాలేదు. అయినా ఇల్లూ నేలా విడదీయరానివన్న భావన చట్టంలో మిగిలే ఉంది. 1775లో పార్లమెంటు ఆ చట్టాన్ని రద్దుచేసింది. అప్పటికి న్యూనమ్ వీధి వెలిసి పుష్కరం దాటింది. మిల్టన్ ఆబస్ వీధి ఇంకా పూర్తికాలేదు.

మరోవైపు పేదల పోషణభారం ఆయా పారిష్‌లు చెల్లించే పన్నుమీద పడేది. 1662 నాటి నివాస చట్టం ప్రకారం ఏ పారిష్‌లో స్థిరపడినవారి బాధ్యత ఆ పారిష్‌దే. ఊరంతా ఒకే భూస్వామి చేతిలో ఉన్నచోట ఇళ్ళు తగ్గితే పోషించవలసిన పేదలూ తగ్గుతారు. కనుక కాటేజీల సంఖ్యను నిర్ణయించడం సౌందర్యవిషయం మాత్రమే కాదు. వీధి అందాన్ని వర్ణించే కవిత్వాన్ని చదివేటప్పుడు ఈ లెక్కను మరచిపోరాదు.

3. గోల్డ్‌స్మిత్: తిరిగి వచ్చినవాని చూపు

తెలుగు సాహిత్య విద్యార్థికి గోల్డ్‌స్మిత్ కొత్తవాడు కాడు. ఆయన 1766లో ప్రచురించిన నవల ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ప్రేరణతోనే కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ రచించాడు. ధవళేశ్వరంలో మొదలయ్యే ఆ కథలో సంపన్న కుటుంబం అన్నీ పోగొట్టుకొని ఊరు విడిచి, కష్టాలు పడి, చివరకు తేరుకుంటుంది. మూలనవలలోనూ చెదరిన కుటుంబం తిరిగి ఒక్కటవుతుంది. పోయిన ఇల్లు మళ్ళీ నిలబడుతుందన్న నమ్మకం రెండింటికీ ఇరుసు. నాలుగేళ్ళ తరువాత వచ్చిన ‘ది డిజర్టెడ్ విలేజ్’లో అదే రచయిత ఆ నమ్మకాన్ని వదులుకున్నాడు. ఇక్కడ పోయినది ఒక కుటుంబపు ఇల్లు కాదు, ఊరే. దానిని తిరిగి ఇవ్వగల దాత కథలో లేడు.

కావ్యకథకుడు చాలాకాలానికి స్వగ్రామానికి తిరిగివస్తాడు. బడిపంతులు, మతాచార్యుడు, సాయంత్రపు ఆటలు, ఊరి సత్రం అన్నీ జ్ఞాపకంలోనే ఉన్నాయి. కళ్ళెదుట ఉన్నది నిర్జనమైన నేల. సంపన్నుని విలాసం రైతు నేలను మింగిందని, దిక్కులేనివారు నగరానికో సముద్రాల ఆవలి అమెరికా అడవులకో పోయారని కవి ఆరోపిస్తాడు. జాషువా రెనాల్డ్స్‌కు రాసిన అంకితంలో, తాను కొన్నేళ్ళపాటు పల్లెల్లో తిరిగి ఈ విషయాన్ని నిర్ధారించుకున్నానని కూడా చెప్పుకున్నాడు.

ఈ ఆరోపణకు ముందురూపం ఉంది. 1762లో లాయిడ్స్ ఈవెనింగ్ పోస్ట్ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం గోల్డ్‌స్మిత్‌దని పండితులు గుర్తించారు. లండన్‌కు యాభై మైళ్ళ దూరంలోని ఒక ఊరిని ధనికుడు తన విలాసస్థలం కోసం ఖాళీచేయించబోతున్నాడని అది వివరిస్తుంది. దూరం, కాలం న్యూనమ్‌కు సరిపోతాయి. కానీ ఆ వ్యాసంలోని ధనికుడు కొత్తగా ఎస్టేటు కొన్న లండన్ వర్తకుడు. హార్కోర్ట్‌లది పాత భూస్వామ్య కుటుంబం. పైగా కవి బాల్యం గడిచిన ఐర్లండ్‌లోని లిస్సోయ్ గ్రామాన్ని ఆబర్న్‌గా భావించే సంప్రదాయం కూడా బలమైనదే. కాబట్టి ఆబర్న్‌ను ఒకే పటం మీద గుర్తించడానికి ప్రయత్నించడం కంటె, బాల్యంలోని ఐరిష్ పల్లె జ్ఞాపకమూ ఇంగ్లండ్‌లో విన్న తరలింపు వార్తలూ కలిసి రూపొందిన ఊరుగా చూడడమే సమంజసం.

ఆ కలయికలోనే కావ్యం బలమూ బలహీనతా ఉన్నాయి. నష్టం ఒక ఊరిది కాదని, ఒక జీవనవిధానానిదని పాఠకుడు అనుభవిస్తాడు. అదే సమయంలో నష్టానికి కారణం మసకబారుతుంది. రేమండ్ విలియమ్స్ ‘ది కంట్రీ అండ్ ది సిటీ’ (1973)లో ఈ సంగతిని ఎత్తిచూపాడు. కావ్యంలో మనుషులు పోగానే నేల కూడా బీడై అడవి పడుతుంది. వాస్తవంలో కంచెలు వేసిన పొలాలు తరచు ఎక్కువ పంట ఇచ్చాయి. పంట పెరిగింది, దానిమీద హక్కు పోయింది. ఈ వైరుధ్యాన్ని పట్టుకోవడం కష్టం. శిథిలచిత్రం దానిని తేలిక చేసింది. న్యూనమ్‌లో కూడా జనం సముద్రాలు దాటలేదు, రహదారి పక్కకు మారారు. వారి చోటు ఎడారి కాలేదు, తీర్చిదిద్దిన తోట అయింది. కావ్యంలోని విషాదానికి ఈ రెండు వాస్తవాలూ ఇమడవు.

4. వైట్‌హెడ్: అతిథి చూపు, బార్బరా వయట్ చెట్టు

ఆ ఇమడని వాస్తవాలనే ఆధారం చేసుకొని ఎదురు వాదం వినిపించినవాడు విలియమ్ వైట్‌హెడ్. 1757 నుంచి మరణించేవరకు ఆయన ఇంగ్లండ్ ఆస్థానకవి. అంతకుముందు హార్కోర్ట్ కుమారుడు యూరప్ పర్యటనకు వెళ్ళినప్పుడు తోడుగా వెళ్ళినవాడు. న్యూనమ్ గ్రామం తరలింపును గురించి ఆయన ప్రత్యేకంగా కవిత రాశాడు. అందులో తల్లులు పాత ఇళ్ళను నిట్టూర్పు లేకుండా విడిచి, పిల్లలను వెచ్చని, తడిలేని కొత్త ఇళ్ళలోకి సంతోషంగా తీసుకువెళతారు.

ఈ కవితను యజమాని మెప్పుకోసం రాసిన పొగడ్తగా తోసిపుచ్చడం సులభం. విమర్శకు అది చాలదు. నేల చెమ్మ, గాలి చొరని గది, కురిసే కప్పు నాటి పేదల ఇళ్ళలో మామూలు. ఇటుక గోడ, గట్టి కప్పు, పెరటి తోట నిజంగానే మేలు. గోల్డ్‌స్మిత్ స్మృతిలోని పాత ఇంటికి చెమ్మ లేదు, దోమ లేదు. ఇంటి లోపలి సౌకర్యాన్ని పట్టించుకున్న విషయంలో వైట్‌హెడ్ ఎక్కువ ప్రాపంచికుడు. ఆయన లోపం మరోచోట ఉంది. తల్లులు నిట్టూర్చలేదని చెబుతున్నది తల్లులు కాదు. కావాలా వద్దా అని వారిని అడిగిన సన్నివేశం కవితలో లేదు. మేలు జరిగిందన్న వాదం, అంగీకారం ఉందా అన్న ప్రశ్నను పక్కకు నెట్టింది.

వైట్‌హెడ్‌కు ఆ ప్రశ్న తెలియనిదేమీ కాదు. ఉద్యానంలోని ఒక చెట్టు మీద ఉంచడానికి ఆయనే పద్యశాసనం రాశాడు. ఆ చెట్టును నాటినది బార్బరా వయట్ అనే గ్రామీణ స్త్రీ. ఊరు తరలిపోతున్నప్పుడు తన పాత ఇంట్లోనే ఉండనిమ్మని ఆమె గట్టిగా వేడుకుంది. హార్కోర్ట్ అంగీకరించాడు. ఆమె బతికినంతకాలం ఆ ఇల్లు అలాగే ఉంచి, మరణించిన తరువాత పడగొట్టారు. చెట్టు మాత్రం ఉద్యానశోభలో భాగంగా మిగిలింది.

అందరూ నవ్వుతూ కదిలారన్న కవిత, ఒకరు కదలనన్నారన్న శాసనం ఒకే కలం నుంచి వచ్చాయి. మొదటిది తరలింపును సమర్థిస్తుంది. రెండోది ఒక వ్యక్తి నిరాకరణను యజమాని దయకు నిదర్శనంగా మార్చుతుంది. వేడుకోలు చోటు చేసుకున్నదంటేనే హక్కు లేదని అర్థం. అడిగి తెచ్చుకున్న అనుమతి ఆమెతోనే ముగిసింది, వారసులకు సంక్రమించలేదు.

గోల్డ్‌స్మిత్ కావ్యంలోనూ ఖాళీ ఊళ్ళో ఒక వృద్ధ వితంతువు మిగిలి ఉంటుంది. వాగులో ఆకుకూర ఏరుకొని పొట్టపోసుకునే ఆమెను ఆ నేల చరిత్ర చెప్పగలిగిన చివరి మనిషిగా కవి భావిస్తాడు. ఆమెకూ బార్బరా వయట్‌కూ గల పోలిక వల్లనే న్యూనమ్ వాదానికి బలం చేకూరింది. అయితే పోలికను మించిన విషయం ఒకటుంది. చరిత్ర చెప్పగలదని పేరుపెట్టిన ఆ స్త్రీ చేత కావ్యం ఒక్క మాట కూడా పలికించదు. ఒకచోట ఆమె విషాదానికి ప్రతిమ, మరొకచోట దయకు సాక్ష్యం. పరస్పరం ఖండించుకునే రెండు పక్షాలూ ఈ ఒక్క విషయంలో ఏకీభవించాయి.

5. గుడి, వీధి: కట్టడం చెప్పే సాక్ష్యం

కవిత్వం దాచినదానిని కట్టడం కొంత బయటపెడుతుంది. న్యూనమ్‌లో పాత చర్చిని కూడా తొలగించి 1764లో కొత్తది కట్టారు. దాని రూపకల్పనలో హార్కోర్ట్‌కు, ప్రాచీన గ్రీకు శిల్పాన్ని అధ్యయనం చేసిన జేమ్స్ స్టూవర్ట్‌కు భాగముంది. గుమ్మటం, స్తంభాల ముఖమండపం ఉన్న ఆ చర్చి దూరం నుంచి గ్రీకు దేవాలయంలా కనిపిస్తుంది. అది కొత్త వీధిలో లేదు, ఉద్యానంలో ఉంది. ముఖమండపం ఉద్యానదృశ్యానికి అలంకారం. ఊరివారు ఆదివారం ప్రార్థనకు ఇళ్ళనుంచి నడిచి, యజమాని చిత్రంలోకి వెళ్ళిరావాలి. ఇంటికీ గుడికీ మధ్య సామీప్యం పోవడం ఏ కవితలోనూ నష్టంగా లెక్కకు రాలేదు.

డోర్సెట్ ప్రాంతంలోని మిల్టన్ ఆబస్ మరింత పెద్ద ఉదాహరణ. లార్డ్ మిల్టన్ అయిన జోసెఫ్ డేమర్ 1752లో అక్కడి పాత మఠపు ఎస్టేటును కొన్నాడు. మఠం పక్కన మిడిల్టన్ అనే పట్టణం ఉంది. అందులో సంత, సత్రాలు, వ్యాకరణ పాఠశాల ఉండేవి. ఇళ్ళ ఒప్పందాలు ఒక్కొక్కటిగా చేతికి వచ్చేకొద్దీ డేమర్ పట్టణాన్ని కూల్చివేయించాడు. ఒప్పందం వదులుకోని ఒక న్యాయవాది ఇంటిమీదికి చెరువు తూములు తెరిపించాడని, ఆ న్యాయవాది కోర్టుకెక్కి గెలిచాడని స్థానిక కథనం. పేరొందిన ఉద్యాన రూపకర్త కేపబిలిటీ బ్రౌన్, వాస్తుశిల్పి విలియమ్ ఛేంబర్స్ ఈ ఎస్టేటులో పనిచేశారు. 1780 నాటికి దగ్గరి లోయలో కొత్త వీధి రూపుదిద్దుకుంది.

వాలుగా వంపు తిరిగే ఆ వీధికి రెండుపక్కలా మట్టిగోడలు, గడ్డికప్పులు ఉన్న సుమారు 36 ఇళ్ళు దాదాపు ఒకే రూపంలో ఉన్నాయి. ముందు విశాలమైన పచ్చిక. ఇంటికీ ఇంటికీ నడుమ చెస్ట్‌నట్ చెట్టు ఉండేది. బయటినుంచి ఒక ఇల్లుగా కనిపించే కట్టడం లోపల రెండు కుటుంబాలకు పంచినది. ఒకే నడవా, రెండు కాపురాలు. నేటి ఛాయాచిత్రంలో విశాలంగా కనిపించే ఇల్లు నాటి నివాసికి అందులో సగమే. సంత, సత్రాలు, బడి ఉన్న పట్టణం స్థానంలో ఈ ఒక్క వీధి మిగిలింది. పాఠశాల మరో పట్టణానికి వెళ్ళిపోయింది. పాత పట్టణంలోని 1674 నాటి ధర్మశాలను మాత్రం విప్పి తెచ్చి కొత్త వీధిలో తిరిగి నిలబెట్టారు. ధర్మశాలను తరలించారు, సంతను తరలించలేదు. కొత్త గ్రామంలో పేదకు ఉద్దేశించిన స్థానం ఏమిటో ఆ ఎంపికే తెలుపుతుంది. దానం పుచ్చుకునేవానికి చోటుంది, సరుకు అమ్ముకునేవానికి లేదు.

6. క్రాబ్: తలుపు తీసిన చూపు

1783లో వచ్చిన జార్జ్ క్రాబ్ కావ్యం ‘ది విలేజ్’ గోల్డ్‌స్మిత్ స్మృతిమాధుర్యానికీ వైట్‌హెడ్ సంతృప్తికీ సమానంగా ఎదురునిలుస్తుంది. సముద్రతీరంలోని పేద ఊరు ఆల్డ్‌బరోలో పుట్టి, వైద్యం నేర్చి, కూలీల రోగాలను దగ్గరగా చూసినవాడు క్రాబ్. గొర్రెలకాపరుల పాటలతో నిండిన పాత పల్లెపద్యాన్ని ఆయన బాహాటంగా తిరస్కరించాడు. మట్టిగోడల పేదల వసతిగృహం, రోగిని సరిగా చూడని పారిష్ వైద్యుడు, వేటలో మునిగి ఖననానికి రాని మతాచార్యుడు ఆయన కావ్యంలో ప్రవేశిస్తారు. బయటి వరుసను కాక లోపలి గదిని చూపడం ఆయన చేసిన మార్పు.

ఈ చూపుకూ హద్దులున్నాయి. కావ్యం అచ్చయ్యేనాటికి క్రాబ్ రట్లండ్ డ్యూక్ కొలువులో మతాచార్యుడు, నివాసం బెల్వోయర్ కోటలో. కావ్యం ముగింపు ఆ ప్రభుకుటుంబంలో మరణించిన ఒక యువకుని ప్రశంసతో ముడిపడింది. పేదల దుర్దశకు మూలం వెదకవలసిన చోట కావ్యం మానవదౌర్బల్యం వైపు, ఆపై పోషకుని కీర్తి వైపు మరలిపోతుంది. కోట ఆశ్రయం లేకుండా తలుపు తీయగల తీరిక ఆ కాలపు కవికి దొరకలేదు. ఈ పరిమితిని గుర్తించడం క్రాబ్‌ను తగ్గించడం కాదు. ఆయన చూసినది నిజం. అయితే ఎవరి అన్నం తింటూ చూశాడన్నది కూడా పఠనంలో భాగం కావాలి.

7. పాతదనాన్ని తయారుచేయడం

న్యూనమ్, మిల్టన్ ఆబస్ వీధుల్లో యజమాని చేయి దాగలేదు. సమరూపతే ఆ చేతి ముద్ర. పద్దెనిమిదో శతాబ్దం చివరకు అభిరుచి మారింది. యూవ్‌డేల్ ప్రైస్ వంటి సౌందర్యవాదులు తిన్నని వరుసను, ఏకరూపతను తప్పుపట్టి, వైవిధ్యాన్ని, గరుకుదనాన్ని మెచ్చుకున్నారు. దాని ఫలం బ్రిస్టల్ సమీపంలో 1811 నాటికి జాన్ నాష్ రూపకల్పనలో పూర్తయిన బ్లేజ్ హామ్లెట్. బ్యాంకరు జాన్ హార్‌ఫర్డ్ తన ఎస్టేటులోని వృద్ధ సేవకుల కోసం కట్టించిన ఆ 9 ఇళ్ళలో ఏదీ మరొకదానిని పోలదు. తనంత తాను పెరిగిన పల్లెకు ఉండే అక్రమాన్ని అక్కడ కాగితం మీద గీసి కట్టారు.

అప్పటినుంచి చూపరికి పని కష్టమైంది. న్యూనమ్‌లో కొలతను చూసి అధికారాన్ని గుర్తించవచ్చు. బ్లేజ్‌లో అధికారం తన కొలతను తానే చెరిపేసుకుంది. పందొమ్మిదో శతాబ్దం చివర హెలెన్ ఆలింగ్‌హామ్ సర్రే ప్రాంతపు కాటేజీలను నీటిరంగుల్లో చిత్రించేనాటికి, గుమ్మంలో పిల్లతో నిలిచిన తల్లి, పూలపాదులు, పాత గడ్డికప్పు కలిసి ఇంగ్లండ్‌కే ప్రతీక అయ్యాయి. మార్పులకు లోనై రూపం కోల్పోతున్న ఇళ్ళను నమోదు చేయాలన్న ఆమె తపన నిజమైనదే. కానీ చిత్రంలోని ఇంటికి అద్దె ఉండదు, పారిష్ పన్ను ఉండదు. జాన్ బారెల్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది లాండ్‌స్కేప్’ (1980)లో చిత్రకళలోని గ్రామీణ పేదలను గురించి లేవనెత్తిన ప్రశ్నలు ఇక్కడికీ వర్తిస్తాయి. పేదవాడు చిత్రంలో ఎంత వెలుతురులో నిలబడ్డాడు, ఆ వెలుతురు ఎవరి ఇష్టం మేరకు పడింది?

8. ముగింపు

ముగ్గురు కవుల స్థానాలను పక్కపక్కన ఉంచితే విషయం స్పష్టమవుతుంది. గోల్డ్‌స్మిత్ ఊరిని వదిలి వెళ్ళి తిరిగి వచ్చినవాని చోటునుంచి చూశాడు. ఆయనకు పోయినదంతా అందమే. వైట్‌హెడ్ భవనానికి వచ్చిన అతిథి చోటునుంచి చూశాడు. ఆయనకు వచ్చినదంతా మేలే. క్రాబ్ గుమ్మం దాటి లోపలికి పోయాడు గాని బయటికి వచ్చి కోటలోకే నడిచాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధమాడలేదు. కొత్త ఇల్లు పాతదానికంటె వెచ్చనిది కావచ్చు. దానిలోకి మారినవారు ఎన్నుకునే హక్కును కోల్పోయినవారే. ఈ రెండు వాక్యాలనూ ఒకేసారి నిజమని పట్టుకోవడం ఆ కవిత్వానికి సాధ్యపడలేదు. దానిని చదివే విమర్శకు సాధ్యపడాలి.

గోల్డ్‌స్మిత్ నుంచి తెలుగు నవల తొలినాళ్ళలోనే అందుకున్నది చెదరిన కుటుంబం తిరిగి కుదుటపడే కథను. కుదుటపడని ఊరి కథ కూడా అదే రచయితదన్న ఎరుకతో ‘రాజశేఖర చరిత్రము’ను మళ్ళీ చదివితే, అందులోని ధవళేశ్వర వర్ణనను, ప్రయాణాన్ని, తిరిగి నిలదొక్కుకోవడాన్ని కొత్తగా ప్రశ్నించే అవకాశం కలుగుతుంది. ఊరిని వర్ణిస్తున్నది ఏ మెట్టుమీద నిలిచిన కన్ను, ఆ వర్ణనలో ఎవరి ఇల్లు కనిపించదు అన్నవి తులనాత్మక పరిశోధన చేపట్టదగిన ప్రశ్నలు.

న్యూనమ్ వీధిలో ఇళ్ళు నేటికీ సమదూరంలోనే నిలిచి ఉన్నాయి. ఒకనాడు భూస్వామి నిర్ణయించిన ఆ రూపాన్ని ఇప్పుడు చట్టం కాపాడుతున్నది. కాపాడవలసిందే. కానీ వరుసలో లేని ఇల్లు ఒకటుంది. బార్బరా వయట్ మరణించాక పడగొట్టిన ఆ పాత ఇంటికి గోడ లేదు, కప్పు లేదు, ఆమె మాటగా మిగిలిన వాక్యం లేదు. ఆ వీధి చరిత్రను రాయబూనినవారు లెక్క మొదలుపెట్టవలసినది ఆ ఇంటితోనే.